పోయింది మాటే... మతి కాదు!

కాళ్లూ చేతులూ బాగానే ఆడుతుంటాయి. చూసినవాళ్లు 'పక్షవాతం తగ్గింది, అదృష్టవంతుడు' అనుకుంటారు. కానీ మంచినీళ్లు అడగబోతే నోటివెంట 'తాళంచెవి' అని వస్తుంది. అది తప్పని ఆయనకీ తెలుసు. సరైన మాటే దొరకదు!

వైద్యులు దీన్ని 'అఫేసియా' అంటారు. భాషను నడిపించే కేంద్రాలు చాలామందికి మెదడులో ఎడమవైపు ఉంటాయి. అక్కడ రక్తం గడ్డకట్టినా, నాళం చిట్లినా మాట్లాడటం, చదవడం, రాయడం, ఎదుటివాళ్ల మాట అర్థంచేసుకోవడం... వీటిలో ఏదైనా దెబ్బతినొచ్చు. పారిస్‌ వైద్యుడు పాల్‌ బ్రోకా 1861లో పరీక్షించిన ఓ రోగి ఏమడిగినా దాదాపు 'టాన్‌' అనే అనేవాడు.

మిర్యాలగూడ రైసుమిల్లులో ఓ గుమాస్తానే తీసుకోండి. నడక వచ్చేసిందని పనిలోకి వెళ్తాడు. బస్తాల లెక్క కుదరదు. సూర్యాపేట మార్కెట్లో ధాన్యం అమ్మిన రైతుకి చీటీమీద అంకెలు కనిపిస్తాయి, అర్థంకావు. కోదాడలో బస్సెక్కి ఊరిపేరు చెప్పలేక తడబడితే తాగొచ్చాడనుకుంటారు. త్వరగా అలసిపోవడం, ఉన్నట్టుండి ఏడుపు రావడం, ఒక పక్కనున్న వస్తువుల్ని గమనించకపోవడం కూడా పక్షవాతం మిగిల్చేవే. పైకి కనిపించవు కాబట్టి ఇంట్లోవాళ్లూ బద్ధకమనో, మొండితనమనో విసుక్కుంటారు. పొలం అమ్మకమో, అమ్మాయి పెళ్లో మాట్లాడుకునేటప్పుడు ఆయన్ని పక్కన పెట్టేస్తారు. అసలు బాధ అక్కడే!

మాట వేరు, ఆలోచన వేరు. హైదరాబాద్‌ నిమ్స్‌లో 608 మంది పక్షవాత రోగులపై జరిగిన అధ్యయనం 2016లో వెలువడింది. ఒక్క భాషే వచ్చినవారిలో 19.6 శాతం మందికి, రెండు అంతకన్నా ఎక్కువ భాషలు వచ్చినవారిలో 40.5 శాతం మందికి ఆలోచనాశక్తి మామూలుగానే ఉంది. అఫేసియా మాత్రం రెండు వర్గాల్లోనూ దాదాపు ఒకేలా కనిపించింది.

ఇంట్లో ఏం చేయాలంటే... టీవీ ఆపి, ఎదురుగా కూర్చుని ఒక్కో ప్రశ్నే అడగాలి. 'టీ కావాలా, పాలు కావాలా?' అంటూ రెండూ చూపించొచ్చు. బొమ్మలు, సైగలు వాడొచ్చు. చెవులు బాగా వినిపిస్తుంటే గట్టిగా అరవక్కర్లేదు. మాట రానివాళ్లు కొందరు తెలిసిన పాటని అందుకుంటారు, పాడనివ్వండి. స్పీచ్‌థెరపీ ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. నెలలు గడిచాక కూడా మెరుగుదల ఉంటుంది, మానేయొద్దు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అఫేసియావల్ల శాశ్వతంగా మిగిలే మాట, భాషా లోపం అందులో ఉంది. వైకల్య ధ్రువపత్రానికి దరఖాస్తు చేసుకోవచ్చు.

ఇక ఈ ఆదివారం ఇంట్లో ఏ విషయం చర్చకొచ్చినా ఆయన్నీ అడగండి. జవాబు రావడానికి నిమిషం పట్టినా సరే, మధ్యలో అందుకోకుండా ఆగండి.