ఎక్స్‌రేకి చిక్కని పగులు

కిందటి దసరాకి మిర్యాలగూడ పక్కన మా ఊరికి బండి మీద పోతుంటే బర్రె అడ్డమొచ్చింది. బర్రెకేం కాలేదు. నేను కుడి అరచెయ్యి నేలకి ఆనించి పడ్డాను. మాది నల్గొండ జిల్లా కదా, ఆఫీసులో సగం మంది ‘ఫ్లోరైడా?’ అని అడిగారు. కాదండీ, బర్రె.

దగ్గర్లోని ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసి, ‘ఇరగలే, బెణికింది’ అన్నారు. బ్యాండేజీ చుట్టి, నొప్పి గోళీలిచ్చి పంపారు. నాయిన మాత్రం కట్టు కట్టే పెద్దమనిషి దగ్గరికి పోదామన్నాడు. నేను నవ్వాను. ఇప్పుడనిపిస్తుంది, ఆ వెదురు బద్దల కట్టు కట్టించుకున్నా కనీసం చెయ్యి కదలకుండా ఉండేదేమో!

వాపు తగ్గింది. టైపింగ్‌కి ఇబ్బంది లేదు. కానీ బండి యాక్సిలరేటర్ తిప్పినా, నీళ్ల బిందె ఎత్తినా బొటనవేలి మొదట్లో కలుక్కుమనేది. మూడు నెలలు ఓర్చుకుని జనవరిలో హైదరాబాద్‌లో ఒక ఎముకల డాక్టర్‌ని కలిశాను. ఆయన ముందు ఫిల్ము అడగలేదు. బొటనవేలు వెనక్కి చాపమన్నారు. అలా చాపితే మణికట్టు పక్కన చిన్న గుంట పడుతుంది, మీరూ చూసుకోండి. అక్కడ వేలు పెట్టి నొక్కారు. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి. ఆ గుంట అడుగున ఉండేది స్కేఫాయిడ్. జీడిపప్పు ఆకారం. విరిగిన కొత్తలో గీత ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. అందుకే అక్కడ నొప్పి ఉంటే పిండికట్టు వేసి, 10-14 రోజుల తర్వాత మళ్లీ ఎక్స్‌రే తీస్తారు, లేదా ఎంఆర్ఐ చేయిస్తారు. నాకా మాట ఎవరూ చెప్పలేదు. టెస్టులన్నీ పాసైనంత మాత్రాన బగ్ లేనట్టు కాదని ఆఫీసులో రోజూ వాదించేవాణ్ని, ఒక్క ఫిల్ము చూసి నమ్మేశాను.

అసలు చిక్కు రక్తం దగ్గర. ఈ ఎముకకి రక్తం ఎక్కువగా వేళ్ల వైపు నుంచి వచ్చి, వెనక్కి ముంజేతి వైపు పారుతుంది. మధ్యలో విరిగితే వెనక ముక్క సాగర్ ఎడమ కాలువ చివరి పొలంలా ఎండిపోవచ్చు. నాది అతుక్కోలేదని సీటీ స్కాన్‌లో తేలింది. వెనక ముక్క ఇంకా బతికే ఉంది. అలాగే వదిలేస్తే కొన్నేళ్లకి కీలు అరిగిపోతుందన్నారు.

చెయ్యి వరకే మత్తిచ్చారు. డ్రిల్లు చప్పుడు వినబడుతూనే ఉంది. ముంజేతి ఎముక నుంచే చిన్న ముక్క తీసి సందులో పెట్టి, హెర్బర్ట్ స్క్రూ బిగించారు. ఆస్ట్రేలియా సర్జన్ తిమోతీ హెర్బర్ట్ 1984లో దీని గురించి ప్రచురించారు. దీనికి తల ఉండదు. రెండు కొసలా మరలుంటాయి, కానీ వాటి మధ్య ఎడం ఒక కొసన ఎక్కువ, ఇంకో కొసన తక్కువ. తిప్పేకొద్దీ విరిగిన ముక్కలు దగ్గరికొస్తాయి. ఎముక బయటికి ఏమీ పొడుచుకురాదు. ఇంజనీరింగ్ చదివినందుకు ఆ బొమ్మ చూసి మురిసిపోయాను.

పక్క మంచం మీద పాలమూరు మేస్త్రి. సెంట్రింగ్ మీంచి పడితే లూనేట్ ఎముక చోటు తప్పి నరాన్ని నొక్కింది. మొదటి మూడు వేళ్లకీ తిమ్మిరి. ఆయనకూ బెణుకే అన్నారట, మూడు వారాలు పోయాయి. ఆలస్యమయ్యేకొద్దీ లోపల అంతా బిగుసుకుపోతుంది. కోసి, ఎముకని చోట్లో పెట్టి, తెగిన లిగమెంట్లు కుట్టి, సన్నని తీగలు గుచ్చారు. ‘తాపీ పట్టొస్తదా సార్?’ అని రోజూ అడిగేవాడు. డాక్టరు రోజూ ‘చూద్దాం’ అనేవారు.

మా నాయినమ్మ ఎడమ మణికట్టు వంకర. ముప్పై ఏళ్ల కింద వాకిట్లో జారిపడి రేడియస్ కొస విరిగితే ఊళ్లోనే కట్టు కట్టించారు. ఈ విరుపుని 1814లోనే, ఎక్స్‌రే పుట్టకముందే, డబ్లిన్ సర్జన్ అబ్రహం కోలీస్ వర్ణించాడు. వంకర పోదు గానీ చెయ్యి మళ్లీ పనికొస్తుందని రాశాడు. ఇప్పుడైతే అవసరమైన వాళ్లకి ప్లేటు వేస్తారు.

ఆపరేషనై ఆరు నెలలైంది. ఎముక అతుక్కుంది గానీ చెయ్యి పూర్తిగా వెనక్కి వంగదు. మొన్న ఊరెళ్తే నాయినమ్మ తన వంకర చెయ్యి నా చెయ్యి పక్కన పెట్టి వంచి చూపించింది.

‘సూడు, నీ దానికన్న నాదే ఎక్కువ వంగుతది.’