చలికి బండి మొరాయిస్తోందా? జబ్బు తెలిసేది తెల్లవారుజామునే!

ఆమదాలవలస : మార్గశిరం వచ్చిందంటే నాగావళి ఒడ్డున మంచు దిగుతుంది. ఆ మంచులోనే బూర్జ, సరుబుజ్జిలి, పొందూరు రోడ్ల మీద కూరగాయల ఆటోలు, పాలబండ్లు, ధాన్యం ట్రాక్టర్లు కదలాలి. తెల్లవారుజాము రైలు అందుకోవలసిన వారిని శ్రీకాకుళం రోడ్డు స్టేషనుకు చేర్చాలి. సరిగ్గా ఆ వేళకే బండి మొండికేస్తుంది. సెల్ఫ్ కొడితే ఒక పట్టాన అందుకోదు. అందుకున్నా, రైజ్ చేసేసరికి నట్టుతూ నట్టుతూ ఆగిపోతుంది. నాలుగైదు నిమిషాలు ఎలాగో నడిపితే ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు సాఫీగా పోతుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. పొద్దెక్కాక బండిని మెకానిక్కు దగ్గరకు తీసుకువెళ్లేసరికి ఇంజిను వేడెక్కి ఉంటుంది. జ్వరం దిగాక డాక్టరు దగ్గరకు వెళ్లినట్టు, జబ్బు చేతికి దొరకదు. ఇక ఊహ మీద మరమ్మతు మొదలవుతుంది. ప్లగ్గు మారుస్తారు, నాజిళ్లు విప్పుతారు, పంపు దింపుతారు. చేతి డబ్బు వదులుతుంది. మర్నాడు తెల్లవారితే మళ్లీ అదే కథ.

చలి మీద నేరం మోపితే చాలదు

మన జిల్లాలో చలి ఎంత ముదిరినా నీళ్లు గడ్డకట్టేంత ఉండదు. మంచు కురిసే దేశాల్లో డీజిలులోని మైనం పేరుకుని ఫిల్టరు మూసుకుపోతుంది. ఇక్కడ ఆ బాధ లేదు. కాబట్టి బాగున్న ఇంజిను మన చలికి మొరాయించకూడదు. మొరాయిస్తోందంటే లోపల వేరే లోపం ఉందన్నమాట. వేడి ఆ లోపాన్ని దాస్తుంది, చలి దాన్ని బయటపెడుతుంది.

పెట్రోలు ద్రవంగా ఉంటే మండదు, ఆవిరై గాలిలో కలిస్తేనే మండుతుంది. చల్లని ఇంజినులో అది సరిగా ఆవిరి కాదు. అందుకే మొదట కొంచెం ఎక్కువ పెట్రోలు కావాలి. చోక్ చేసే పని అదే.

డీజిలు ఇంజినులో నిప్పురవ్వ ఉండదు. 1897లో రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మనీ ఇంజనీరు నడిపి చూపిన సూత్రమే నేటి ట్రాక్టరులోనూ ఉంది. గాలిని సుమారు ఇరవయ్యో వంతుకు నొక్కితే అది 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. ఆ వేడికి డీజిలు తనంతట తానే అంటుకుంటుంది. ఇంజిను చల్లగా ఉంటే సిలిండరు గోడలు ఆ వేడిని పీల్చేస్తాయి. పైగా ఇంజిను మెల్లగా తిరిగినా, రింగుల సందుల్లోంచి గాలి జారిపోయినా చాలినంత వేడి పుట్టదు.

ముందు సెల్ఫ్ సంగతి

తెల్లవారుజామున మొదట వినవలసింది సెల్ఫ్ చప్పుడు. మూలుగుతూ మెల్లగా తిరిగితే ఇంజిను జోలికి పోనక్కరలేదు. బ్యాటరీ చూడాలి. చలికి బ్యాటరీ బలం కొంత తగ్గుతుంది. దాని తలల మీద తెల్లగానో పచ్చగానో బూజులా పట్టి ఉంటే వైర్లు తీసి, వేడి నీళ్లతో కడిగి, ఆరాక బిగించాలి. తీసేటప్పుడు నెగెటివు వైరు ముందు తీయాలి, పెట్టేటప్పుడు అది చివర పెట్టాలి. బాడీకి వెళ్లే ఎర్తు వైరు వదులుగా ఉన్నా ఇదే తంతు.

చిక్కటి ఆయిలు కూడా సెల్ఫ్‌ను లాగి పట్టుకుంటుంది. ఆయిలు డబ్బా మీద 15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-40 అని ఉంటుంది. డబ్ల్యూ ముందున్న అంకె ఎంత చిన్నదైతే చలిలో ఆ ఆయిలు అంత సులువుగా పారుతుంది. ఆయిలు తాగుతోందని కంపెనీ చెప్పినదానికన్నా చిక్కటిది పోస్తే తెల్లవారి తిప్పలు తప్పవు.

పొగ చెప్పే సాక్ష్యం

డీజిలు బండిలో సెల్ఫ్ చురుగ్గా తిరుగుతున్నా ఇంజిను అందుకోకపోతే సైలెన్సరు వైపు చూడాలి.

పొగ అసలే రాకపోతే డీజిలు ఇంజినుకు అందడం లేదు. రాత్రంతా పైపులోని డీజిలు ట్యాంకు వైపు జారిపోయి, దాని చోట గాలి చేరుతుంది. దీనికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. సెల్ఫ్ కొట్టకముందే ఫిల్టరు దగ్గరి చేతిపంపు గట్టిపడేదాకా కొట్టాలి. ఆ తర్వాత వెంటనే అందుకుంటే జబ్బు పైపులోనో వాషరులోనో ఉంది. వాషరుతో పోయేదానికి పంపు దింపించుకోవడం దండగ.

తెల్లటి పొగ, పచ్చి డీజిలు వాసన, కళ్ల మంట ఉంటే డీజిలు అందుతోంది గాని మండడం లేదు. హీటరు ప్లగ్గులున్న బండిలో ముందు వాటిని చూడాలి. ఒక్క ప్లగ్గు పోతే ఇంజిను కాసేపు ఒక కాలు కుంటినట్టు ఊగుతూ నడుస్తుంది. ట్రాక్టర్లలో చాలావాటికి ఈ ప్లగ్గులు ఉండవు. వాటిలో కంప్రెషను, నాజిలు, పంపు టైమింగు వరసగా చూడాలి. పొగ తెల్లగానే ఉండి రేడియేటరులో నీళ్లు తగ్గుతుంటే హెడ్డు గాస్కెట్ మీద అనుమానపడాలి.

స్టార్టయిన వెంటనే నీలి పొగ ఒకసారి వచ్చి ఆగిపోతే రాత్రి వాల్వు సీళ్లలోంచి ఆయిలు దిగిందని అర్థం. బరువు లాగేటప్పుడూ నీలి పొగే వస్తుంటే రింగులు అరిగి ఉంటాయి.

నల్లపొగ వస్తే గాలి చాలడం లేదు, లేదా డీజిలు ఎక్కువవుతోంది. మనకు చలి, నూర్పులు ఒకేసారి వస్తాయి. కళ్లంలో లేచే ధూళి, పొట్టు ఎయిర్ ఫిల్టరులో కూరుకుంటాయి. నింద మాత్రం చలి మీద పడుతుంది. వేడెక్కాక కూడా నల్లపొగ తగ్గకపోతే చలికి సంబంధం లేదు. ఫిల్టరు విప్పి చూడాలి.

అడుగున చేరే నీళ్ల సంగతీ మరవరాదు. ఫిల్టరు కింది స్క్రూ వదులు చేసి కొంచెం డీజిలు గాజు సీసాలోకి పట్టి కాసేపు ఉంచితే, నీళ్లుంటే అడుగుకు దిగుతాయి. సగం ఖాళీగా ఉన్న ట్యాంకు గోడలకు చలి రాత్రి చెమ్మ పడుతుంది. అందుకే సాయంత్రమే డీజిలు నింపి పెట్టడం మంచి అలవాటు.

పెట్రోలు బండ్ల తీరు వేరు

కార్బొరేటరు ఉన్న పాత మోటారు సైకిలు, మోపెడ్ చోక్ వేస్తే నడిచి, తీయగానే ఆగిపోతుంటే పెట్రోలు తక్కువగా అందుతోందని గుర్తు. స్లో జెట్టులో మకిలి చేరి ఉండవచ్చు. లేదా కార్బొరేటరుకు, ఇంజినుకు మధ్యనున్న రబ్బరు చిట్లి అక్కడ దొంగగాలి పీలుస్తుండవచ్చు. చోక్ వేసినా వేయకపోయినా తేడా లేకపోతే చోక్ తీగె తెగిందేమో చూడాలి.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త పెట్రోలు బండ్లకు కార్బొరేటరు, చోక్ దాదాపు కనుమరుగయ్యాయి. ఇంజిను వేడిని సెన్సరు కొలిచి చెబుతుంది. దాన్నిబట్టి బండిలోని కంప్యూటరు పెట్రోలు పోస్తుంది. చల్లని ఇంజిను వేడిగా ఉందని ఆ సెన్సరు తప్పు చెబితే పెట్రోలు చాలదు, బండి నట్టుతుంది. మీటరులో ఇంజిను దీపం వెలుగుతుంటే ఏదీ విప్పకముందే స్కానరు పెట్టించడం మేలు.

రేడియేటరు ఉన్న బండ్లలో ఇంకో సంగతి. వేసవిలో ఇంజిను కాగిపోతోందని థర్మోస్టాట్ వాల్వు తీయించేవారున్నారు. అది లేకపోతే నీళ్లు మొదటి నుంచీ రేడియేటరులో తిరుగుతూ ఇంజినును వేడెక్కనివ్వవు. అయిదు నిమిషాల నట్టు అరగంట సాగుతుంది.

ప్రాణాల మీదికి తెచ్చే పనులు

బండి కదలడం లేదని గాలి లోపలికి పోయే చోట గుడ్డ మండించడం, కార్బొరేటరులో పెట్రోలు పోయడం వంటి పనులతో మంటలు మీదికి ఎగసిపడతాయి. ట్రాక్టరు పక్కన నేల మీద నిలబడి సెల్ఫ్ మోటారు వద్ద స్క్రూడ్రైవరుతో షార్టు చేయడం అంతకన్నా ప్రమాదం. గేరులో ఉంటే ట్రాక్టరు ఉన్నట్టుండి కదిలి ఆ మనిషి మీదుగానే పోతుంది. సీటులో కూర్చుని, న్యూట్రల్ చూసుకున్నాకే స్టార్టు చేయాలి.

తలుపులు మూసిన పాకలో ఇంజిను వేడెక్కనివ్వడం కూడదు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. మనిషికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది. నట్టే బండిని వేడెక్కకముందే రైలు గేటు దాటించబోవడం కూడా పనికిరాదు. పట్టాల మీద ఆగిపోతే దిక్కెవరు?

మెకానిక్కుకు చెప్పవలసినవి

బండి ఇవ్వవలసి వస్తే ముందటి సాయంత్రమే షెడ్డులో వదలాలి. తెల్లవారి మొదటి సెల్ఫ్ మెకానిక్కే కొట్టాలి. అది కుదరకపోతే యజమాని నాలుగు సంగతులు చీటీ మీద రాసుకెళ్లాలి. సెల్ఫ్ ఎలా తిరిగింది? పొగ ఏ రంగులో వచ్చింది? ఎన్ని నిమిషాలు నట్టింది? చేతిపంపు కొట్టినా, చోక్ వేసినా ఏమైనా తేడా కనిపించిందా? ఈ నాలుగూ తెలిస్తే ఇంజినులో విప్పవలసినది ఏదో, విప్పకూడనిది ఏదో సగానికి సగం తేలిపోతుంది.

కృషి విజ్ఞాన కేంద్రం ఆమదాలవలసలోనే ఉంది. ఏటా నూర్పులకు ముందు ఒక తెల్లవారుజామున చల్లని ట్రాక్టరు ఎదుట ఈ పరీక్షలను రైతులకు చేసి చూపించగలిగితే ఎందరికో మరమ్మతు ఖర్చు తప్పుతుంది. ఆసుపత్రికి పోవలసిన మనిషిని, సంతకు పోవలసిన సరుకును వాకిట్లో నిలబెట్టే పరిస్థితీ తప్పుతుంది.