కొత్త సాంచకు ముందు నమూనా

మన పద్మనగర్‌లో కొత్త రకం గుడ్డకు ఆర్డరు వస్తే ఏ సేటూ అన్ని సాంచలకూ ఒకేసారి బీములు ఎక్కించడు. ముందు ఒక్క సాంచ మీద నాలుగు మీటర్లు నేయించి, పోగు తెగుతోందా, అంచు సరిగా వస్తోందా అని చూసుకొంటాడు. కంప్యూటర్ల వాళ్ళు కూడా సరిగ్గా ఇదే పని చేస్తారు.

కంప్యూటర్‌ను నడిపించే మూల ప్రోగ్రాంను ఆపరేటింగ్ సిస్టం అంటారు. విండోస్ అలాంటిదే. దాని కొత్త రూపాన్ని విడుదలకు ముందే వాడి చూసి, మంచిచెడ్డలు చెప్పడానికి మైక్రోసాఫ్ట్ సంస్థ 2014లో ‘విండోస్ ఇన్‌సైడర్’ పథకాన్ని ప్రారంభించింది. మన హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల ఆ సంస్థ పగ్గాలు చేపట్టింది కూడా ఆ ఏడాదే. ఇందులో చేరడానికి రుసుమేమీ లేదు.

2018 చివరలో ఈ పరీక్షా రూపంలో తెలుగుతో సహా పది భారతీయ భాషలకు ఫొనెటిక్ కీబోర్డులు వచ్చాయి. ఇంగ్లీషు అక్షరాలతో ‘అమ్మ’ అని కొడితే తెరమీద తెలుగులో ‘అమ్మ’ వస్తుంది. ఇంట్లో మూలనపడి ఉన్న పాత లాప్‌టాప్‌లో దానిని వేసుకొని చూశాను.

అప్పుడు మా అమ్మాయి ఏడో తరగతి. ఇంగ్లీషు మీడియం. తెలుగు మాట్లాడుతుంది, కూడబలుక్కొని చదువుతుంది, రాయడం మాత్రం రాదు. సిరిసిల్లలో ఉన్న బాపమ్మకు ఉత్తరం రాస్తానని కూర్చుంది. ఒక మాట కొడితే రెండు మూడు రూపాలు చూపిస్తోంది. “బాపూ, ‘బపమ్మ’ నా, ‘బాపమ్మ’ నా?” అని అడిగింది. “నువ్వెట్ల పిలుస్తవో అట్ల చదువుకొని చూడు” అన్నాను. పది వాక్యాలకు గంటన్నర పట్టింది.

అయితే పరీక్షా రూపాన్ని తేలికగా తీసుకోరాదు. అదే 2018 అక్టోబరు 2న విడుదలైన విండోస్ 10 కొత్త రూపం కొందరి కంప్యూటర్లలో ఫైళ్ళను చెరిపేసింది. నాలుగు రోజులకే విడుదల ఆపి, సరిదిద్ది, నవంబరు 13న మళ్ళీ ఇచ్చారు. విచారకరమైన సంగతేమంటే, పరీక్షించినవారిలో కొందరు ఆ లోపాన్ని ముందే తెలియజేశారు. చెప్పినవారు కొద్దిమందే కావడంతో అది పై వరకూ చేరలేదు. ఆ తరువాతే, లోపం ఎంత తీవ్రమైనదో కూడా తెలిపే వీలు కల్పించారు.

కామర్స్ చదివిన వారికి ఇది కొత్త కాదు. ట్రయల్ బ్యాలెన్స్ సరిపోయినంత మాత్రాన లెక్కల్లో తప్పు లేదని కాదు. బ్యాంకుల్లో కంప్యూటర్లు వచ్చిన కొత్తలో కొన్నాళ్ళు చేతి లెడ్జర్లనూ పక్కనే నడిపింది అందుకే.

కనుక మీ పిల్లలు పరీక్షా రూపం వేస్తామంటే వద్దనకండి. కాని దుకాణం లెక్కలు, పెళ్ళి ఫొటోలు ఉన్న కంప్యూటర్ మీద వేయనీయకండి. ముందుగా అన్నింటికీ వేరే చోట ఒక నకలు తీయించండి. లోపం కనిపిస్తే, ఏ పని చేస్తుండగా వచ్చిందో వివరంగా రాసి పంపమనండి.

తెలుగు కీబోర్డు 2019 మే విడుదలలో అందరికీ అందింది. దాన్ని వాడడానికి ఇప్పుడు పరీక్షా రూపం అక్కరలేదు. కాని అది చూపే మాటల్లో సరైనదేదో ఎంచుకోవాలంటే తెలుగు చదవడం రావాలి. ఆ పని ఇంట్లో మనమే చేయాలి.

మా అమ్మ 2021లో పోయింది. ఆమె ట్రంకుపెట్టెలో, పట్టుచీర మడతలో ఆ ఉత్తరం దొరికింది. ‘బాపమ్మ’లో దీర్ఘం సరిగ్గానే ఉంది.