పవర్ పెట్రోలు పోస్తే బండికి బలం వస్తుందా?

రాయదుర్గం వైపు గ్రామాల నుంచి బళ్లారికి పనిమీద వెళ్లినవారు తిరిగి వచ్చేటప్పుడు కర్ణాటక బంకులో ట్యాంకు నింపుకొని రావడం అనంతపురం జిల్లాలో మామూలు సంగతే. అటు పెట్రోలు లీటరుకు కొన్ని రూపాయలు తక్కువ. అయితే అక్కడ మిగిల్చిన డబ్బును కొందరు అదే బంకులో పోగొట్టుకొని వస్తున్నారు. మామూలు పెట్రోలుకు బదులు, ఊళ్లలో 'పవర్' అని పిలిచే ఖరీదు రకం పోయించుకుంటున్నారు. ఎలాగూ ఇంత పెట్టి కొంటున్నాం, ఇంకో పది రూపాయలు పారేస్తే మైలేజీ అయినా వస్తుంది కదా అన్నది వారి లెక్క.

ఆ లెక్క ఎక్కడ తప్పుతున్నదో చూడాలి. 2021లో మన రాష్ట్రంలో పెట్రోలు లీటరు వంద రూపాయలు దాటింది. ఆ ఏడు నవంబరులోనూ, 2022 మేలోనూ కేంద్రం ఎక్సైజు సుంకం తగ్గించినా సామాన్యుడి జేబుకు పెద్ద ఊరట దక్కలేదు. రాష్ట్రం వేసే వ్యాట్ 31 శాతం, దానిపైన లీటరుకు మరో నాలుగు రూపాయలు, రోడ్డు సెస్సు ఒక రూపాయి. శాతం లెక్కన వేసే పన్ను గనుక సరుకు ధర ఎక్కువైతే పన్నూ ఎక్కువే పడుతుంది. ప్రీమియం రకం మీద ఎక్సైజు కూడా కాస్త హెచ్చే. అంటే పవర్ కోసం ఇచ్చే అదనపు సొమ్ములో కొంత అసలు బండిలోకి వెళ్లనే వెళ్లదు.

ఇంతకూ ఆ రకంలో ఎక్కువగా ఉన్నదేమిటి? ఆక్టేన్ సంఖ్య. ఈ మాట విని చాలామంది అది పెట్రోలులోని సత్తువ అనుకుంటారు. అది సత్తువ కాదు, ఓర్పు. ఇంజనులో పిస్టను పెట్రోలు ఆవిరినీ గాలినీ కలిపి గట్టిగా అదుముతుంది. అదిమితే వేడెక్కుతుంది. అప్పుడు ప్లగ్గు నిప్పురవ్వ వేస్తే, మడిలో నీరు ఒక గట్టు నుంచి ఇంకో గట్టుకు పారినట్లు మంట వరుసగా పాకాలి. అలా పాకేలోపే మిగిలిన ఆవిరి తనంత తాను భగ్గుమంటే ఇంజనులో టకటకమని చప్పుడు వస్తుంది. మెకానిక్కులు నాకింగ్ అనేది దీనినే. ఆ తొందరపాటును పెట్రోలు ఎంతవరకు ఓర్చుకోగలదో చెప్పేదే ఆక్టేన్ సంఖ్య. ఎక్కువగా అదిమే ఇంజనుకు ఓర్పు ఎక్కువ ఉన్న పెట్రోలు కావాలి. తక్కువగా అదిమే ఇంజనుకు ఆ ఓర్పుతో పని లేదు.

మన పల్లెల్లో తిరిగే వంద సి.సి., నూట పాతిక సి.సి. బళ్లు మామూలు పెట్రోలుకే తయారైనవి. ఏ సంఖ్య పెట్రోలు వాడాలో బండితో ఇచ్చే పుస్తకంలో ఉంటుంది. ఈ తరగతి బళ్లకు సాధారణంగా 91 చాలు. ఆ పుస్తకాన్ని షోరూములో ఇచ్చిన కవరులోంచి తీసి చూసినవారు ఊరికి ఎందరో!

పాలకేంద్రానికి రోజూ పాలు చేరవేసే రైతునే తీసుకుందాం. రోజుకు లీటరు పెట్రోలు, పవర్‌కు మామూలు దానికి ఎనిమిది రూపాయలు తేడా అనుకుంటే నెలకు 240 రూపాయలు, ఏడాదికి మూడు వేలకు దగ్గర. లీటరు 110 అనుకుంటే, ఇప్పుడు యాభై కిలోమీటర్లు ఇస్తున్న బండి యాభై నాలుగు ఇస్తే గాని ఆ ఎనిమిది రూపాయలు గిట్టవు. మామూలు పెట్రోలుకు తయారైన ఇంజనులో ఆక్టేన్ పెంచినంత మాత్రాన అంత తేడా రాదు. ఆ మూడు వేలతో ఎయిర్ ఫిల్టరు మార్చి, చైను సవరించి, టైర్లలో గాలి సరిగా పెట్టించినా ఇంకా మిగులుతాయి. ప్రీమియం రకంలో ఇంజనులో మసి పేరకుండా చేసే మందు కలుపుతారన్నది నిజమే. అయితే మసి పట్టిన పాత బండిని ఒకసారి మెకానిక్కు చేత విప్పించి శుభ్రం చేయించడమే చౌక.

పవర్ అక్కరలేని వస్తువు అని చెప్పడానికి వీల్లేదు. కొన్ని ఖరీదైన మోటారు సైకిళ్లకు, కార్లకు పుస్తకంలోనే 95 అని రాసి ఉంటుంది. వాటిలో తక్కువ రకం పోస్తే లాగుడు తగ్గుతుంది, నాకింగ్ ముదిరితే పిస్టను దెబ్బతింటుంది. పట్నంలో చదువుకొనే కుర్రవాడి బండికి అది అవసరం కావచ్చు. ఆ బండి చూసి నాన్న బండిలో కూడా అదే పోయించడమే దండగ.

మామూలు పెట్రోలు కూడా వెనకటిది కాదు. దేశమంతటా ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు. చెరకు, మొక్కజొన్న, నూకల నుంచి తీసే ఈ ఇథనాల్‌కు ఆక్టేన్ ఎక్కువ, అందుకే 20 శాతం కలిపిన పెట్రోలుకు ప్రమాణం 95గా పెట్టారు. అయినా మైలేజీ పెరగలేదు సరిగదా, కాస్త తగ్గింది. ఇథనాల్‌లో ఉండే వేడిమి పెట్రోలులో మూడింట రెండు వంతులే. సంఖ్య పెరిగినంత మాత్రాన సత్తువ పెరగదనడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి? పేరు ప్రీమియం అయినంతలో అందులో ఇథనాల్ ఉండదనుకోవడమూ పొరపాటే. ఇది నీటిని పీల్చుకొనే సరుకు గనుక వానలో నిలిపే బండికి ట్యాంకు మూత బిగువుగా ఉండాలి. కిరాణా కొట్లో సీసాల్లో అమ్మే పెట్రోలుతో మరింత జాగ్రత్త అవసరం.

కల్తీ భయంతో పవర్ పోయించుకొనేవారూ ఉన్నారు. కిరోసిన్ కలిసిన పెట్రోలుకు ఆక్టేన్ పడిపోయి నాకింగ్ వచ్చే మాట నిజం. దానికి విరుగుడు ఖరీదు రకం కాదు, పరీక్ష. బంకులో ఫిల్టరు కాగితం అడిగి దాని మీద ఒక చుక్క వేయించాలి. మంచి పెట్రోలయితే మరక మిగలకుండా ఆవిరవుతుంది. కొలత మీద అనుమానం ఉంటే ఐదు లీటర్ల కొలపాత్రలో పోయించి చూడవచ్చు. 25 మిల్లీలీటర్లకు మించి తేడా ఉండకూడదు. ఈ రెండూ అడిగే హక్కు కొనేవారికి ఉన్నది. గన్ను ట్యాంకులో పెట్టకముందే 'మామూలుది' అని గట్టిగా చెప్పి, మీటరు మీద లీటరు ధర చూసుకోవాలి. పోసిన తరువాత వెనక్కు తీయడం ఎవరివల్లా కాదు.