ఏంజెల్ పిల్లలు తల్లిదండ్రుల దగ్గరే

ఏంజెల్ చేపలు గుడ్లు పెట్టాయని చెప్పగానే, "వెంటనే తీసి వేరే ట్యాంకులో వేసెయ్యండి, లేకపోతే తల్లీతండ్రే తినేస్తాయి" అంటారు ఈ పనిలో అనుభవం ఉన్నవాళ్లు. అమ్మకానికి పెంచేవాళ్లకు ఆ మాట సరిపోతుంది. ఇంట్లో, హాల్లో, పిల్లలు చూస్తుండగా పెంచుకునేవాళ్ల విషయంలో మాత్రం నేను ఒప్పుకోను. మనం అక్వేరియంలో పెట్టుకునే చేపల్లో చాలావాటికి గుడ్లు పెట్టడంతో పని తీరిపోతుంది. గోల్డ్ ఫిష్ అయితే గుడ్లు చల్లి, మళ్లీ తనే వాటిని ఏరుకు తింటుంది. ఏంజెల్ చేపల్లో ఆడా మగా రెండూ కాపలా కాస్తాయి. రెక్కలతో గుడ్లకు విసురుతాయి, పిల్లల్ని నోట పట్టి మోస్తాయి. అలాంటి చేపను తెచ్చుకుని దాని పిల్లల్ని దాన్ని పెంచనివ్వకపోతే, చూడాల్సింది చూడకుండానే ట్యాంకు పెట్టుకున్నట్టు.

వీటి పుట్టిల్లు దక్షిణ అమెరికా. అమెజాన్‌లోనూ దాని ఉపనదుల్లోనూ నీరు మెల్లగా సాగేచోట, మునిగిన చెట్ల కొమ్మల, వేళ్ల మధ్య తిరుగుతాయి. పలచటి ఒళ్లు ఆ సందుల్లో ఇట్టే దూరుతుంది, నిలువు చారలు ఆ నీడల్లో కలిసిపోతాయి. 1823లోనే వీటికి శాస్త్రీయ నామం పెట్టారు. నదుల్లో మూడు జాతులున్నా, మన షాపుల్లో మార్బుల్, కోయ్, బ్లాక్ అని అమ్మేవి దాదాపు అన్నీ ట్యాంకుల్లో తరతరాలుగా పెరిగిన స్కేలేర్ జాతి సంతతే. మన ఊళ్లకు చెన్నైలోని కొళత్తూరు నుంచి, కోల్‌కతా నుంచి వస్తుంటాయి.

పుట్టింటి సంగతి ఎందుకు చెప్పానంటే, గుడ్లు నిలువుగా ఉన్నదాని మీదే పెట్టడం వీటికి అక్కడి అలవాటు. వెడల్పాటి ఆకున్న అమెజాన్ స్వోర్డ్ మొక్క గానీ, ఏటవాలుగా ఆనించిన పీవీసీ పైపు ముక్క గానీ ఉండాలి. ఏదీ లేకపోతే ఫిల్టర్ గొట్టానికో అద్దానికో అంటిస్తాయి. రెండోది నీళ్లు. అక్కడి నీళ్లలో లవణాలు చాలా తక్కువ. మాది కాకినాడ, మా పేటలో బోరు నీళ్లు పోస్తే బకెట్ అంచున తెల్లటి పొర కడుతుంది. అలాంటి నీళ్లలో పెద్ద చేపలు హాయిగానే బతుకుతాయి గానీ గుడ్లు సరిగా ఫలించవు. వానాకాలంలో మొదటి జల్లు వదిలేసి, మేడ మీద పడ్డ నీళ్లు డ్రమ్ముల్లో పట్టుకుంటాను. ఒక రోజంతా గాలి పట్టించి క్లోరిన్ పోగొట్టిన కుళాయి నీళ్లలో వాటిని కలుపుతాను. వేడి 27, 28 డిగ్రీలు ఉండాలి. మా ఊళ్లో ఏడాదిలో ఎక్కువ నెలలు హీటర్ అవసరమే రాదు.

జత దొరకడం ఎలా అని అందరూ అడుగుతారు. షాపులో "జత" అని ఇచ్చేవాటిని నమ్మకండి. చిన్నప్పుడు ఆడా మగా తేడా పైకి కనిపించదు. మా పక్కింటివాళ్లకు ఇచ్చిన జతలో రెండూ ఆడవే. రెండు ఆడ చేపలైనా జతకట్టి గుడ్లు పెట్టేస్తాయి, కాపలా కూడా కాస్తాయి. ఒక్క గుడ్డూ ఫలించదు, మూడో రోజుకి అన్నీ తెల్లబడతాయి. అందుకని చిన్నవి ఆరు కొని కలిపి పెంచండి. ఎనిమిది, పది నెలలకు వాటిలో రెండు ఒక మూల ఆక్రమించి, మిగతావాటిని ఆ దరికి రానివ్వవు. అవే జత. మిగతావాటిని వేరే ట్యాంకులోకి మార్చి, వీటికి రెండడుగుల పొడవు, అడుగున్నర ఎత్తూ వెడల్పూ ఉన్న ట్యాంకు ఇస్తే చాలు. అందులో సుమారు 120 లీటర్లు పడతాయి. గుడ్లు పెట్టే ముందు రెండిటికీ పొట్ట కింద చిన్న గొట్టం లాంటిది బయటికొస్తుంది. మొద్దుగా, వెడల్పుగా ఉంటే ఆడది, సన్నగా కొనదేలి ఉంటే మగది.

ఒకటి రెండు రోజుల ముందు నుంచే రెండూ కలిసి ఆకును కొరికి కొరికి శుభ్రం చేస్తాయి. తర్వాత ఆడది ఆకుకు పొట్ట ఆనించి కింది నుంచి పైకి మెల్లగా పోతుంది. ఆ దారిలో తేనెరంగు గుడ్లు ఒక వరసగా అంటుకుంటాయి. ఒక్కోటి ఆవగింజ కన్నా చిన్నది. అది పక్కకు తప్పుకోగానే మగది అదే వరస మీదుగా పోయి ఫలింపజేస్తుంది. మళ్లీ ఆడది, మళ్లీ మగది. గంటకు పైనే సాగుతుంది. పెరిగిన జత రెండు మూడు వందల గుడ్లు పెట్టడం మామూలే.

అక్కణ్ణుంచి వాటి డ్యూటీ చూడాలి. ఒకటి ఛాతీ రెక్కలు ఆడిస్తూ గుడ్ల మీదికి కొత్త నీరు తోస్తూ ఉంటే రెండోది చుట్టూ తిరుగుతుంది, కాసేపటికి స్థానాలు మార్చుకుంటాయి. తెల్లబడ్డ గుడ్డు కనిపిస్తే నోటితో ఏరేస్తాయి. బూజు ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకకుండా అది వాటి జాగ్రత్త. గుడ్లు వేరుచేసి పెంచేవాళ్లు ఇదే పనికి మిథిలీన్ బ్లూ చుక్కలూ, ఎయిర్ స్టోనూ వాడతారు.

తినెయ్యడం నిజం కాదా అంటే, నిజమే. కొత్త జత మొదటి విడతలను తరచు తినేస్తుంది. బెదిరినా తింటుంది. మందూమాకూ కన్నా ఇక్కడ ఓపిక పనిచేస్తుంది. గుడ్లు పోయిన రెండు మూడు వారాల్లో మళ్లీ పెడతాయి, ఒక్కో విడతకీ పని నేర్చుకుంటాయి. ట్యాంకులో వేరే చేపలేవీ ఉండకూడదు. మూడు పక్కలా కాగితం అంటించి, ఎదురుగా జనం అస్తమానం తిరగకుండా చూసుకోవాలి. రాత్రి పూర్తి చీకటి చేయకుండా గదిలో జీరో బల్బు వేసి ఉంచాలి. కాపలా కాసేవాటికి గుడ్లు కనబడుతూ ఉండాలి. అయినా కొన్ని జతలు ఎన్నాళ్లకూ నేర్చుకోవు. తరాల తరబడి గుడ్లు వేరుచేసి పెంచడం వల్లే ఆ గుణం పలచబడిందని పెంపకందార్లలో చాలామంది అంటారు. ఆ మాట నాకు సబబుగానే తోస్తుంది. అందుకే కాపలా కాసే జత దొరికితే దాని పిల్లలే నలుగురి ఇళ్లకూ వెళ్లాలని నా కోరిక.

28 డిగ్రీల్లో రెండు, రెండున్నర రోజులకు గుడ్లు పగులుతాయి. అప్పుడు బయటికొచ్చేవి ఇంకా చేపల్లా ఉండవు. తల దగ్గర జిగురు దారంతో ఆకుకు వేలాడుతూ తోక కొట్టుకుంటూ ఉంటాయి. జారి కింద పడ్డదాన్ని తల్లి నోట్లోకి తీసుకుని, తిప్పి కడిగి, మళ్లీ ఆకు మీదికి ఊస్తుంది. మొదటిసారి చూసినవాళ్లు "అయ్యో, మింగేసింది" అని కేకేస్తారు. ఇలా వేలాడే అయిదు రోజులూ వాటికి మేత వేయొద్దు, పొట్టలో సొన సంచీ ఉంటుంది. అది కరిగాక ఒక ఉదయం పిల్లలన్నీ గుంపుగా ఈదడం మొదలెడతాయి.

ఇక్కడి నుంచి పని మనది. ఎక్కువ పిల్లలు పోయేది ఈ వారంలోనే. ఈదే పిల్లలకు పొడి మేత పనికిరాదు, కదిలే మేతే కావాలి. అది అప్పుడే గుడ్డులోంచి వచ్చిన ఆర్టీమియా, ఉప్పునీళ్లలో పెరిగే రొయ్యలాంటి చిన్న జీవి. మన కోస్తా వాళ్లకు ఇది కొత్త పేరు కాదు. ఉప్పాడ దాటాక తీరం వెంట ఉన్న రొయ్యల హేచరీల్లో రొయ్య పిల్లలకు పెట్టేది కూడా ఇదే. దాని గుడ్లు అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ నుంచి 425 గ్రాముల డబ్బాల్లో వస్తాయి. మా మరిది హేచరీలో పనిచేస్తాడు. "డబ్బా తీశాక చెమ్మ తగలనివ్వకు వదినా, చెమ్మ తగిలితే పొదగడం సగానికి పడిపోతుంది" అని మొదటే చెప్పాడు. గాలి చొరని సీసాలో ఫ్రిజ్‌లో పెడతాను.

లీటరు నీళ్లలో 25 గ్రాముల రాళ్లుప్పు, అర చెంచా ఆర్టీమియా గుడ్లు వేసి, కూల్ డ్రింకు సీసా తలకిందులుగా నిలబెట్టి అడుగు నుంచి గట్టిగా గాలి వదలాలి. పైన లైటు ఉండాలి. 24 గంటల్లో పొదుగుతాయి. గాలి ఆపితే ఖాళీ పెంకులు పైకి తేలతాయి, నారింజ రంగు పిల్లలు కిందికి చేరతాయి. వాటిని సన్నటి గుడ్డలో వడపోసి, ఉప్పు పోయేలా కడిగి వేయాలి. పొదిగిన కొద్ది గంటల్లోనే వేస్తే బలం. ఆలస్యమైతే వాటి ఒంట్లో ఉన్న కొవ్వును అవే ఖర్చు చేసేసుకుంటాయి. చేపపిల్లలు తిన్నదీ లేనిదీ అద్దంలోంచే తెలుస్తుంది. పొట్ట నారింజ రంగుకు తిరగాలి. రోజుకు మూడు నాలుగు సార్లు, కొంచెం కొంచెంగా వేయండి. మంచినీళ్లలో ఆర్టీమియా కొన్ని గంటలకు మించి బతకదు. చచ్చినవి కుళ్లి అమ్మోనియా పెరిగితే ఒక్క రాత్రిలో గుంపంతా పోతుంది.

కాబట్టి రోజూ అడుగున చేరిన మురికి లాగేసి, నాలుగో వంతు నీళ్లు మార్చాలి. గాలి గొట్టం అంత సన్నటి ట్యూబుతో తెల్ల బకెట్‌లోకి తీస్తే, పొరపాటున వచ్చిన పిల్ల కనబడుతుంది. పోసే నీళ్లు అదే వేడిలో, నెమ్మదిగా పోయాలి. ఫిల్టర్ స్పాంజ్‌దే ఉండాలి, మోటారుది పిల్లల్ని లాగేస్తుంది.

మూడు నాలుగు వారాలకు పైరెక్క, కిందిరెక్క లేచి ఏంజెల్ ఆకారం వస్తుంది. తల్లిదండ్రులు మళ్లీ ఆకు కొరకడం మొదలెడితే పిల్లల్ని తరుముతాయి, అప్పుడు వేరు చేయాలి. గుడ్లు తీసి పెంచేవాళ్లకు ఇంతకన్నా ఎక్కువ పిల్లలు మిగులుతాయి, కాదనను. ఇల్లు వాటన్నిటికీ చాలదు కూడా. ఇరుకులో పెరిగిన ఏంజెల్‌కు రెక్కలు పొట్టిగానే ఉండిపోతాయి.

రూపాయి బిళ్ల సైజు వచ్చాక తెలిసినవాళ్లకు ఇస్తాను, మిగిలితే షాపుకు ఇచ్చి మేత తెచ్చుకుంటాను. ఎక్కువైపోయాయని కాలవలోనో చెరువులోనో మాత్రం వదలకండి. అక్వేరియంలో అద్దాలు నాకడానికి తెచ్చుకున్న సక్కర్ చేపను అలాగే ఎవరో వదిలారు. ఇవాళ మన నదుల్లో, చెరువుల్లో అది డెవిల్ ఫిష్ పేరుతో జాలర్ల వలలు చింపుతోంది. పిల్లలకు ఇళ్లు కుదరకపోతే, తర్వాతి విడత గుడ్లను ఆ తల్లీతండ్రి దగ్గరి నుంచి తీసి పారేయడమే మంచిది.