వార్తల్లో పదం: లద్దె లెక్క

బేగంపేట ఫ్లైఓవర్ మీద బండ్లను లెక్కపెట్టడానికి ఒక కెమెరా చాలు. చిత్తూరు జిల్లా కౌండిన్య అభయారణ్యంలో ఏనుగులను లెక్కపెట్టాలంటే మాత్రం నేల చూస్తూ నడవాలి. దక్షిణాది రాష్ట్రాలు కలిసి 2024 మే 23 నుంచి 25 దాకా చేసిన గణనలో ఒకరోజు మొత్తం ఇందుకే కేటాయించారు. మొదటి రోజు అడవిని బ్లాకులుగా పంచుకుని కంటబడిన ఏనుగులను, చివరి రోజు నీటిగుంటల దగ్గరికి వచ్చినవాటిని రాసుకున్నారు. నడుమ రోజుదే లద్దె లెక్క.

సిబ్బంది నిర్ణీత గీత వెంట నడుస్తూ, కనబడిన ప్రతి లద్దె కుప్ప ఆ గీతకు ఎంత దూరంలో ఉందో కొలుస్తారు. ఏనుగు రోజుకు సుమారు 15 సార్లు లద్దె వేస్తుంది. అది కరిగిపోవడానికి కొంతకాలం పడుతుంది. ఈ రెండూ తెలిస్తే కుప్పల సాంద్రత నుంచి ఏనుగుల సంఖ్యను అంచనా వేయవచ్చు. వాన పడితే, పేడపురుగులు ఎక్కువైతే లద్దె త్వరగా మాయమవుతుంది, లెక్కా మారిపోతుంది.

కౌండిన్య లాంటి చిన్న అడవిలో చిక్కు ఇంకా పెద్దది. 1980లలో తమిళనాడు, కర్ణాటకల నుంచి వలస వచ్చిన మందలే ఇక్కడ స్థిరపడ్డాయి. ఇప్పటికీ వాటికి సరిహద్దు లేదు. ఇవాళ పలమనేరులో కనబడినది రేపు పక్క రాష్ట్రంలో ఉండొచ్చు. అందుకే మూడు వైపులా ఒకేసారి లెక్కించడం నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపిస్తుంది.

లద్దెలోని డీఎన్ఏతో ఒక్కో ఏనుగునూ గుర్తించే పద్ధతీ వచ్చింది. 2025లో వెలువడిన దేశవ్యాప్త అంచనా, 22,446, దాని ఆధారంగా వచ్చిందే.