కృత్రిమ మేధతో వీడియోలు: ఇల్లాలికి కొన్ని సూచనలు

అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర నిలబడి ఒక్కసారి తల పైకెత్తి చూడండి. ఆకాశం కన్నా బోర్డులే ఎక్కువ కనిపిస్తాయి. ఒకప్పుడు ఆ బోర్డుల మీద జావా, ఒరాకిల్, టెస్టింగ్ అనే పేర్లుండేవి. ఇప్పుడు వాటి సరసన 'ఏ.ఐ.' అనే రెండక్షరాలు చేరాయి. ఏ.ఐ. అంటే కృత్రిమ మేధ. పిల్లల చదువుకు సంబంధించిందేదో, మనకెందుకులే అనుకుంటాం. కాని అది పిల్లల చదువు దగ్గరే ఆగలేదండీ. పచ్చళ్ళు పెట్టి అమ్మే ఇల్లాలికీ, జాకెట్లు కుట్టే చెల్లెలికీ, సంగీతం నేర్పే అమ్మకీ వీడియోలు తయారు చేయడంలో సాయపడే పనిముట్టుగా వచ్చి కూర్చుంది. దాన్ని ఎంతవరకు వాడుకోవచ్చు, ఎక్కడ ఆగాలి అన్నది ఇవాళ చెప్పుకుందాం.

బొమ్మల్లో మాయ చేయడం మనకు కొత్త కాదు. 1957లో వచ్చిన 'మాయాబజార్' గుర్తుంది కదా! ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతటవే వచ్చి పడుతుంటే పిల్లలతోపాటు మనమూ నోరు తెరుచుకుని చూశాం. అది దర్శకుడు కె.వి. రెడ్డిగారి ఊహ, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీగారి కెమెరా పనితనం. ఆ నలుపు తెలుపు చిత్రానికే మన హైదరాబాదులోని గోల్డ్‌స్టోన్ సంస్థవారు కంప్యూటర్లతో రంగులద్ది 2010లో మళ్ళీ విడుదల చేశారు.

ఆ మాటకొస్తే అమీర్‌పేటకు సినిమా పని కూడా కొత్త కాదు. పూర్తిగా హైదరాబాదులోనే తీసిన మొదటి తెలుగు చిత్రంగా చెప్పుకునే 'మా ఇంటి మహాలక్ష్మి' 1959లో ఇక్కడి సారథీ స్టూడియోలోనే తయారయింది. స్టూడియోలో ఒక పెంకుటింటి సెట్టు వేయాలంటే వడ్రంగులు, రంగులవాళ్ళు, లైట్లవాళ్ళు, ఎంతమంది చేతులో పడాలి. ఇప్పుడు పంజగుట్టలో ఒక గదిలో కూర్చుని 'వాన వెలిసిన సాయంత్రం, పెంకుటిల్లు, అరుగు మీద బియ్యం ఏరుతున్న ముసలమ్మ' అని టైపు చేస్తే చాలు, కొన్ని సెకన్ల వీడియో వచ్చేస్తుంది. 2024 ఫిబ్రవరిలో 'సోరా' అనే పనిముట్టును లోకానికి చూపించారు. 2025 మేలో గూగుల్‌వారి 'వియో 3' బొమ్మతోపాటు మాటలూ, చప్పుళ్ళూ కూడా పుట్టించింది.

ఇదెలా సాధ్యం? స్టేషను రానప్పుడు పాత టీవీలో చుక్కలు చుక్కలుగా కనిపించేది చూశారూ, ఏ.ఐ. అలాంటి చుక్కల ముద్దతోనే మొదలుపెడుతుంది. అంతకుముందే దానికి లెక్కలేనన్ని బొమ్మలు, వాటి వర్ణనలు చూపించి తర్ఫీదు ఇచ్చి ఉంటారు. పెంకుటిల్లు అంటే ఇలా ఉంటుంది, వాన నీరు ఇలా మెరుస్తుంది అన్న పోలికలు అది పట్టుకుంటుంది. ఆ పోలికల ప్రకారం చుక్కలను కొంచెం కొంచెంగా సర్దుకుంటూ బొమ్మను తేలుస్తుంది. అంటే అది ఊహించి గీస్తుందే తప్ప దానికి నిజం తెలియదు. అందుకే ఒక్కోసారి చేతికి ఆరు వేళ్ళు వస్తాయి. గోడ మీద తెలుగు బోర్డు పెట్టమంటే చదవడానికి వీల్లేని వంకర గీతలు వస్తాయి.

ఇక మన అవసరానికి వద్దాం. మీరు ఆవకాయ పెట్టే వీడియో తీస్తున్నారనుకోండి. ఏది ముందు చెప్పాలి, ఏది తర్వాత చెప్పాలి అన్న వరుస రాసిపెట్టమని ఏ.ఐ.ని అడగవచ్చు. తీసిన వీడియోలో వెనక వినిపించే కుక్కరు కూతనూ, రోడ్డు మీది హారన్లనూ తగ్గించమనవచ్చు. మాటల మధ్య ఖాళీలు కత్తిరించమనవచ్చు. మీ మాటలను అక్షరాలుగా కింద వేయమనవచ్చు. గంటల తరబడి కూర్చుని చేయవలసిన పని నిమిషాల్లో తేలిపోతుంది. వంటింటి పని తెమిలాక దొరికే అరగంటలో వీడియో పూర్తి చేసుకోవాలనుకునే ఇల్లాలికి ఇది చిన్న సాయం కాదు.

అయితే మూడు చోట్ల జాగ్రత్త. ఒకటి, కొలతలు. ముక్కలకు ఉప్పు, కారం, ఆవపిండి పాళ్ళు అది ధీమాగా చెప్పేస్తుంది. తప్పయినా అదే ధీమాతో చెబుతుంది. దాన్ని నమ్మి జాడీ నింపితే బూజు పట్టేది మీ మామిడికాయలకే. రెండు, అక్షరాలు. తెలుగు మాట విని రాయడంలో ఇంకా పొరపాట్లు చేస్తుంది. మీరు ఉప్పు అంటే అది పప్పు అని రాయవచ్చు. ఒకసారి మొదటినుంచి చివరిదాకా చదివాకే వీడియో పెట్టండి. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. పచ్చడి బొమ్మను యంత్రంతో పుట్టించకండి. ఎర్రగా, నూనె తేలుతూ, ఎంతో అందంగా వస్తుంది, నిజమే. కాని కొనే ఆవిడ డబ్బిచ్చేది మీ జాడీలో ఉన్నదానికి. పార్సెలు విప్పాక బొమ్మకూ పచ్చడికీ పొంతన లేకపోతే ఆమె మళ్ళీ మీ గడప తొక్కదు.

ఘటోత్కచుడి లడ్డూలను చూసి మనమెవరమూ మోసపోలేదు. అది మాయ అని మనకు తెలుసు, తెలిసే ఆనందించాం. తెలియనివ్వకుండా చూపిస్తే అదే మోసమవుతుంది. అందుకే 2024 మార్చి నుంచి యూట్యూబ్‌వారు, నిజంలా భ్రమింపజేసే కృత్రిమ దృశ్యాలుంటే ఆ సంగతి చెప్పి తీరాలని నియమం పెట్టారు. మీ వీడియోలో అలాంటి ముక్క ఉంటే ఇది ఏ.ఐ.తో చేసింది అని ఒక్క మాట రాయండి. చిన్నతనమేమీ కాదు.

గొంతు సంగతి ఇంకా సున్నితమైనది. కొద్దిసేపు మాట్లాడిన రికార్డు దొరికితే చాలు, ఒక మనిషి గొంతును ఏ.ఐ. అనుకరించగలదు. 2020లో మనకు దూరమైన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారి గొంతును ఇలాగే పుట్టించి, తమ అనుమతి లేకుండా 'కీడా కోలా' సినిమాలో వాడారంటూ ఆయన కుమారుడు చరణ్‌గారు చిత్రబృందానికి లాయరు నోటీసు పంపినట్టు 2024లో పత్రికల్లో చదివాం. అదే ఏడాది జనవరిలో ఏ.ఆర్. రెహమాన్‌గారు 'లాల్ సలామ్' అనే తమిళ చిత్రంలోని పాటకు బంబా బాక్యా, షాహుల్ హమీద్ అనే ఇద్దరు కీర్తిశేషుల గొంతులను ఏ.ఐ.తో వినిపించారు. కుటుంబాలను అడిగి, తగిన పారితోషికం ఇచ్చాకే చేశామని చెప్పారు. రెండు చోట్లా పనిముట్టు ఒకటే. తేడా అంతా అడగడంలో ఉంది. పొరుగింటి పిన్నిగారి గొంతయినా, మీ ఇంటి పనిమనిషి ముఖమయినా, వీడియోలోకి ఎక్కించే ముందు వారిని అడగాలి.

ముఖం విషయంలో జరిగే దుర్మార్గం మనందరికీ తెలిసిందే. 2023 నవంబరులో నటి రష్మికా మందన్న ముఖాన్ని ఇంకొక యువతి వీడియోకు అతికించి ఊరూవాడా తిప్పారు. 2025 సెప్టెంబరులో చిరంజీవిగారు తన పేరు, బొమ్మ, గొంతు అనుమతి లేకుండా వాడకుండా హైదరాబాదు సిటీ సివిల్ కోర్టునుంచి ఉత్తర్వు తెచ్చుకున్నారు. అంత పేరున్నవాళ్ళకే తప్పనిది మనకూ మన ఆడపిల్లలకూ రాకూడదని ఏమీ లేదు. ఒకవేళ వస్తే సిగ్గుపడి దాచుకోకండి. సిగ్గుపడవలసింది ఆ పని చేసినవాడు. వీడియో లింకును, తెర బొమ్మను భద్రపరచండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే ప్రభుత్వ చిరునామాలో ఫిర్యాదు చేయండి. డబ్బు పోయిందంటే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయండి.

పంజగుట్ట దాటి కాస్త దూరం వెళితే కృష్ణానగర్. చిన్న వేషాలు వేసేవాళ్ళు, డబ్బింగు చెప్పేవాళ్ళు, తెర వెనక పనివాళ్ళు ఎందరో ఆ గల్లీల్లో కాపురముంటారు. యంత్రమే మాట్లాడితే మా గతేమిటి అన్న వాళ్ళ భయం ఉత్తది కాదు. 2023లో అమెరికాలో నటీనటులు 118 రోజులు సమ్మె చేసిన కారణాల్లో ఇదీ ఒకటి. నటుడి రూపాన్ని కంప్యూటరులో తయారు చేసుకోవాలంటే అతని సమ్మతి తీసుకోవాలి, డబ్బివ్వాలి అని చివరికి నిర్మాతలు ఒప్పుకున్నారు. మన చేతిలో అంత పెద్ద నిర్ణయాలు లేకపోయినా, ప్రకటన కోసం నాలుగు మాటలు చెప్పించుకోవలసి వస్తే ఒక మనిషిచేత చెప్పించుకుని, ఆ డబ్బేదో ఆమె చేతిలో పెట్టగలం కదా!

చివరగా ఒక సలహా. మొదటి వీడియోకు మీ గొంతే వాడండి. అందులో కాస్త యాస ఉంటుంది, మధ్యలో ఒక దగ్గు ఉంటుంది, ఉండనివ్వండి. చప్పుడు తగ్గించే పని, కత్తిరింపులు, అక్షరాలు యంత్రానికి అప్పగించండి. పాళ్ళు మీరు చెప్పండి, చేతులు మీవే చూపించండి. పెట్టేముందు ఇంట్లో ఒకరికి చూపించి, 'ఇందులో మనది కానిదేమైనా ఉందా?' అని అడగండి.